నడకకు చోటిచ్చిన దీవి

వైద్యుడు వ్రాసే చీటీలో ఖర్చు లేని మందు ఒకటి ఉంటుంది. "ప్రతిదినం ఉదయం అరగంట నడవవలెను" అన్నదే ఆ మందు. మధుమేహానికి వ్రాస్తాము, స్థౌల్యానికి వ్రాస్తాము, మలబద్ధకానికి, నిద్రలేమికి, మోకాళ్ళ బిగువుకు కూడా వ్రాస్తాము. నలభై సంవత్సరాల వృత్తిలో ఈ వాక్యాన్ని నేను ఎన్ని వేలసార్లు వ్రాసి ఉంటానో లెక్క లేదు. ఆ వాక్యంలో ఒక లోపం ఉన్నదని అరవై దాటిన తరువాత, నీటి నడుమ ఒక దీవి మీద నిలబడినప్పుడు నాకు తెలిసివచ్చింది. ఆ సంగతిని పాఠకులకు నివేదించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా చీటీ చేసిన అపకారం

నేను ఉండేది పెద్ద అంబర్‌పేట్. ఒకవైపు విజయవాడ జాతీయ రహదారి, మరొకవైపు ఔటర్ రింగు రోడ్డు. రాత్రింబవళ్ళు లారీలు, బస్సులు, కార్ల ప్రవాహం ఆగదు. రోడ్డు దాటవలెనంటే రెండు చేతులూ ఎత్తి, దేవుని తలచుకుని దాటవలసినదే.

రెండు సంవత్సరాల క్రిందట హయత్‌నగర్ వైపు నుండి ఒక తల్లి నా వద్దకు వైద్యానికి వచ్చినది. వయస్సు 58. మధుమేహం అప్పుడే మొదలైనది, శరీరం బరువెక్కినది, మోకాళ్ళు ఉదయం పూట బిగుసుకుపోతున్నవి. నాడి చూచి, ఆహారనియమం చెప్పి, ఔషధం ఇచ్చి, చీటీ చివర అలవాటుగా నడక వ్రాసి పంపాను. ఆమె శ్రద్ధ గల మనిషి. మూడు వారాలు క్రమం తప్పక నడిచినది. నాలుగవ వారంలో సర్వీసు రోడ్డు మీద ఎదురుదారిన వచ్చిన ఒక మోటారు సైకిలు ఆమెను కొట్టివేసినది. కుడికాలి చీలమండ విరిగినది. ఆరు వారాలు కట్టుతో మంచం మీద ఉండవలసి వచ్చినది.

ఆమె భర్త మందు కొరకు వచ్చి, ఏ కోపమూ లేకుండా, "అయ్యగారూ, మీరు చెప్పినట్టే నడిచింది" అన్నాడు. నిందించి ఉంటే సమాధానం చెప్పుకునేవాడినేమో. ఆ మాటకు మాత్రం నా వద్ద సమాధానం లేకపోయినది.

ఆనాటి నుండి "నడవండి" అని వ్రాసే ముందు నా కలం ఒక క్షణం ఆగుతూ వచ్చినది. అయినా వ్రాస్తూనే ఉన్నాను. మరేమి వ్రాయాలో తోచలేదు. సిగ్గు విడిచి మరొక మాట చెప్పవలెను. ఇతరులకు నడక చెప్పే నేను ఆ ప్రమాదం తరువాత నా ఉదయపు నడకను మానివేశాను.

సాగరు ప్రయాణం

గడచిన మాఘమాసంలో మా మనుమడు సెలవులకు వచ్చినప్పుడు, వానికి నాగార్జునకొండ చూపించుదామని మా గృహిణి అన్నది. ఎల్.బి. నగర్ కూడలి నుండి సాగరు రోడ్డుకు పోయే బస్సులను దిల్‌సుఖ్‌నగర్ వాసులు నిత్యం చూస్తూనే ఉంటారు. ఇంత దగ్గరలో ఉన్నదానిని మనం వాయిదా వేస్తూ పోతాము. నేనూ పాతిక సంవత్సరాలుగా వాయిదా వేసినవాడినే.

తెల్లవారుజామున బయలుదేరి బొంగులూరు వద్ద సాగరు దారి పట్టి, ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, మల్లేపల్లి మీదుగా సాగాము. సుమారు 150 కిలోమీటర్ల ప్రయాణం. జలాశయానికి ఆవలి గట్టున ఆంధ్రప్రదేశ్ వైపు ఉన్న విజయపురి సౌత్ రేవు నుండి లాంచీలో దీవికి పోవలెను.

ప్రయాణంలో వాంతులు వచ్చేవారు, ముఖ్యంగా చిన్నపిల్లలు, కొన్ని జాగ్రత్తలు తీసుకోవలెను. బయలుదేరే ముందు కడుపు నిండా తినరాదు, పూర్తిగా ఖాళీ కడుపుతోనూ పోరాదు. పేలాల పొడిలో కొద్దిగా కండచక్కెర కలిపి రెండు చెంచాలు తినిపిస్తే తేలికగా ఉంటుంది. పెద్దలు పావు చెంచా శొంఠి పొడిని తేనెతో రంగరించి, అరగంట ముందు నాకవచ్చును. మధుమేహం ఉన్నవారు తేనెకు బదులు గోరువెచ్చని నీటితో పుచ్చుకొనవలెను. లాంచీలో ముందు వెనుకల కన్న నడిమి భాగంలో కూర్చుని, దగ్గరి నీటిని చూడక దూరపు గట్టును చూస్తూ ఉంటే తల తిరగటం తగ్గుతుంది.

మరొక హెచ్చరిక. సందేహం కలిగించే పడవను ఎక్కరాదని వాగ్భటాచార్యులు దినచర్యలోనే చెప్పియున్నారు. అది పాతకాలపు మాట అని త్రోసివేయరాదు. 2017లో విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలోను, 2019లో కచ్చులూరు వద్ద గోదావరిలోను విహారానికి పోయిన కుటుంబాలు ఎట్లు మునిగిపోయినవో మనం మరువలేము. లైఫ్ జాకెట్ చెమట పట్టిస్తుందని విప్పి ఒడిలో పెట్టుకొనవద్దు. జనం క్రిక్కిరిసిన లాంచీ అయితే మరొకదాని కొరకు ఆగండి. గాలి వాన ఉన్న దినాన దీవి చూడకపోయినా నష్టం లేదు.

ఇంజను ఆగిన తరువాత

సుమారు గంటసేపు నీటి మీద సాగినాము. చుట్టూ నల్లమల కొండల వరుసలు. లాంచీ రేవుకు చేరి ఇంజను ఆగినది. మెట్లెక్కి పైకి వచ్చిన తరువాత ఏదో లోపించినట్లు అనిపించినది. ఏమిటా అని ఆలోచించగా, హారన్ మ్రోత లేదని తెలిసినది. ఆ దీవి మీదికి కారు రాదు, ఆటో రాదు, మోటారు సైకిలు రాదు. లాంచీలో వచ్చిన ప్రతివారూ, వారు ఎంతటివారైనా, తమ కాళ్ళ మీదనే తిరగవలెను.

ఇంటివద్ద నేనూ మా గృహిణీ మాట్లాడుకుంటే పక్కింటికి వినిపిస్తుంది. రోడ్డు చప్పుడు మీద గొంతు పెంచి మాట్లాడటం మాకు అలవాటైపోయినది. దీవి మీద ఆమె మెల్లగా ఏదో అన్నది, నాకు స్పష్టంగా వినబడినది. చెవి మందగించినదని కొన్నాళ్ళుగా అనుకుంటున్నాను. మందగించినది చెవి కాదేమోనని అప్పుడు తోచినది. ఎడతెగని వాహనాల మ్రోత నిద్రను చెరుపుతుందనీ, రక్తపుపోటుకు కూడా తోడవుతుందనీ నేటి పరిశోధనలు చెబుతున్నవి. అతియోగ శబ్దం శ్రోత్రేంద్రియానికి హితం కాదని మన సంహితలు ఏనాడో చెప్పినవి.

అప్పుడు జరిగిన ఒక చిన్న సంగతి ఈ వ్యాసానికంతటికీ మూలం. మా మనుమనికి అయిదేళ్ళు. పెద్ద అంబర్‌పేట్‌లో గడప దాటిన మరుక్షణం నుండి వాని చేయి మాలో ఎవరో ఒకరి చేతిలో ఉండవలసినదే. ఎన్నడూ విడువలేదు. ఆనాడు కొండ మీది బాటలో కొంతదూరం నడిచిన తరువాత, మా గృహిణి నీటి అంచు ఎంత దూరంలో ఉన్నదో ఒకసారి చూచుకుని, వాని చేయి విడిచిపెట్టినది. వాడు నమ్మలేనట్లు మా ముఖాలు చూచినాడు. తరువాత ముందుకు పరుగెత్తినాడు. తిరిగి వచ్చినాడు. మళ్ళీ పరుగెత్తినాడు.

"ఏమండీ, వీడు ఇంత దూరం పరుగెత్తగలడని నాకు తెలియనే తెలియదు" అన్నది ఆమె.

నేను కూడా నడుస్తున్నాను. ప్రక్కకు, వెనుకకు చూచుకోకుండా నడుస్తున్నాను. మోకాళ్ళను గురించి మరచి ఎంతసేపైనదో గుర్తులేదు. అక్కడక్కడ కూర్చుని లేస్తూ మొత్తం రెండు గంటలు తిరిగినాము. ఇంటివద్ద వీధి చివరి దాకా పోయి వస్తే చాలు, భుజాలు బిగుసుకునేవి. ఆ బిగువు నడక వలన కాదు, భయం వలన అని ఆనాడు గ్రహించాను.

నడకను గురించి శాస్త్రం ఏమి చెప్పినది?

శరీరానికి అధిక పీడ కలిగించని నడకను సుశ్రుతాచార్యులు చంక్రమణం అన్నారు. అది ఆయువును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని పెంచి ఇంద్రియాలను మేల్కొలుపుతుందని చెప్పారు. దానికి భిన్నంగా శక్తికి మించి దూరాలు నడవటాన్ని అధ్వగమనం అన్నారు. అది వాతాన్ని ప్రకోపింపజేసి శరీరాన్ని కృశింపజేస్తుంది. కాబట్టి నడక అంతా ఒకటి కాదు.

ఎంత నడవవలెను అన్న ప్రశ్నకు శాస్త్రం గడియారం చూపదు, శరీరాన్ని చూపుతుంది. తన బలంలో సగం వరకే వ్యాయామం చేయవలెనని నియమం. నుదుట, ముక్కు మీద, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పుట్టటం, నోరు కొద్దిగా ఎండటం సగం బలానికి గుర్తులు. అక్కడ ఆగవలెను. ఆధునిక వైద్యులు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చాలునంటున్నారు. రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు దినాలు. రెండు మార్గాలూ ఇక్కడ కలుస్తున్నవి.

ఎట్లు నడవవలెనో కూడా వాగ్భటులు చెప్పినారు. గొడుగు పట్టుకుని, పాదరక్షలు ధరించి, కాడి పొడవున, అనగా నాలుగు మూరల దూరం ముందుకు చూస్తూ నడవవలెను. గురుకులంలో దీనిని వల్లెవేసినప్పుడు ఇది పాములు తేళ్ళు ఉన్న కాలపు మాట అనుకున్నాను. నేటి మన వీధిలో నాలుగు మూరల ముందుకు మాత్రమే చూస్తే ప్రాణం దక్కదు. వెనుకనుండి వచ్చేదానిని కూడా చూడవలెను. ఆ సూత్రం ప్రకారం నడవగలిగిన చోటు నాకు ఇన్నేళ్ళకు ఈ దీవి మీద దొరికినది.

విజయపురి జ్ఞాపకాలు

దీవి మీది చెట్ల నడుమ బాట మ్యూజియానికి దారితీస్తుంది. భారత పురాతత్త్వ శాఖ నిర్వహించే ఈ మ్యూజియం 1966లో ఏర్పడినది. లోపల క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల నాటి శిల్పాలు, శాసనాలు, నాణేలు, పూసలు ఉన్నవి. ఆ కాలంలో క్రింది లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు ఏలినారు. రాజులు వైదిక యాగాలు చేయగా, రాజకుటుంబపు స్త్రీలు బౌద్ధ విహారాలకు దానాలు చేసినారు. మహాచైత్యాన్ని పోషించిన శాంతిశ్రీ, సింహళ భిక్షువుల కొరకు చైత్యగృహం కట్టించిన ఉపాసిక బోధిశ్రీ పేర్లు శాసనాలలో నిలిచినవి. 30కి పైగా బౌద్ధ నిర్మాణాలు ఆ లోయలో బయటపడినవి.

వైద్య విద్యార్థులు ఇక్కడ ఒక మాట గుర్తుంచుకొనవలెను. ఇక్కడి ఒక విహారపు శాసనంలో "విగతజ్వరాలయం" అన్న పదం ఉన్నదని పురాతత్త్వజ్ఞులు పేర్కొన్నారు. జ్వరం వీడినవారు విశ్రమించే గది అని దాని అర్థం. జ్వరం తగ్గిన వెంటనే పనికి పొమ్మనక, బలం తిరిగి వచ్చే దాకా ఉండటానికి ఒక చోటు కేటాయించినారన్నమాట. చరక సంహిత కూడా జ్వరముక్తుడు బలం వచ్చే వరకు వ్యాయామాన్ని, అతి సంచారాన్ని వర్జించవలెనని చెబుతుంది. మందుతో పాటు చోటు కూడా వైద్యంలో భాగమని ఆనాటివారు ఎరిగియుండిరి.

ఆచార్య నాగార్జునుని విషయం పాఠకులు తప్పక అడుగుతారు. మాధ్యమిక దర్శనాన్ని బోధించిన నాగార్జునుడు ఒకరు. పాదరసాన్ని సంస్కరించి ఔషధంగా మలచిన రసవాద గ్రంథాల నాగార్జునుడు ఆయనకు ఎన్నో శతాబ్దాల తరువాతివాడని చరిత్రకారుల అభిప్రాయం. సుశ్రుత సంహితను ప్రతిసంస్కరించినది నాగార్జునుడని వ్యాఖ్యాత డల్హణుడు వ్రాసినాడు. ఈ ముగ్గురినీ ఒకే మనిషిగా చెప్పుకోవటం మనకు అలవాటు. కొండకు ఆ పేరు తరువాతి కాలంలో స్థిరపడినది. ఇక్ష్వాకుల శాసనాలలో ఊరి పేరు విజయపురియే. భక్తితో చూచినా సత్యాన్ని సత్యంగానే చెప్పవలెను.

ఈ దీవి ఎట్లు పుట్టినది?

ఈ దీవి ప్రకృతి చేసినది కాదు. అరవై ఏళ్ళ క్రిందటి వరకు ఇది లోయ నడుమ నిలిచిన కొండ. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు చెప్పిన ఆనవాళ్ళతో ఇక్కడి శిథిలాలు పురాతత్త్వ శాఖ దృష్టికి వచ్చినవి. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసినారు. లోయ మునిగిపోవునని తెలిసిన తరువాత, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో విస్తారంగా త్రవ్వకాలు సాగినవి. ముఖ్యమైన కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకగా తరలించి, కొండ మీదను, గట్టున అనుపు వద్దను తిరిగి నిలిపినారు. 1967 ఆగస్టు 4వ తేదీన ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచినారు.

విజయపురి పట్టణమూ, ఆ లోయలో సేద్యం చేసుకుని బ్రతికిన పల్లెలూ నీటి అడుగున మిగిలినవి. ఇళ్ళు విడిచి పోయినవారి త్యాగం మీద లక్షల ఎకరాలు పండినవి. తూర్పు హైదరాబాదులో మన కుళాయిలకు వచ్చే కృష్ణా నీటికి కూడా ఈ జలాశయమే ఆధారం. కనుక ఆ ప్రశాంతతను అనుభవించేటప్పుడు అది ఊరికే రాలేదని తలచుకోవటం మన ధర్మం. చెట్టు క్రింద కూర్చుని మేము తెచ్చుకున్న పులిహోర తిన్న తరువాత, విస్తళ్ళు, సీసాలు ఒక్కటి విడువకుండా సంచిలో వేసుకుని వెనుకకు తెచ్చినాము.

గురువుగారు చూసిన వాకిలి

తిరుగు లాంచీ కొరకు రేవు మెట్ల మీద కూర్చున్నప్పుడు మా గురువుగారు గుర్తుకు వచ్చినారు. వారి వద్ద నేను ఎనిమిది సంవత్సరాలు చదువుకున్నాను. రోగి ఇంటికి పిలిచినప్పుడు వారు నేరుగా మంచం వద్దకు పోయేవారు కాదు. ముందు వాకిలి చూచేవారు. పెరటిలోకి పోయి బావి ఎక్కడ, పశువుల కొట్టం ఎక్కడ, గాలి ఎటునుండి వస్తున్నది అని చూచేవారు. ఆ తరువాతనే నాడి పట్టేవారు. వెంట ఉన్న మాకు ఆలస్యమెందుకా అనిపించేది.

శాస్త్రంలో దానికి దేశపరీక్ష అని పేరు. దేశం రెండు విధాలు. రోగి నివసించే భూమి ఒకటి, రోగి శరీరం రెండవది. నేను శరీరాన్ని పరీక్షిస్తూ వచ్చాను. భూమిని జాంగలమా, ఆనూపమా, సాధారణమా అని పుస్తకంలో వర్గీకరించి వదిలివేశాను. ఆ తల్లి నడిచే చోటు ఎట్లున్నదని నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఔషధం ఇచ్చేటప్పుడు అనుపానం చెప్పనివాడు సగం వైద్యుడు. నడక చెప్పి చోటు చెప్పని నేనూ అట్టివాడినే.

వాహనాలు లేని చోట్లను ప్రయత్నపూర్వకంగా కాపాడుకునేవారు లోకంలో ఉన్నారు. అమెరికాలోని మాకినాక్ దీవిలో 1898 నుండి మోటారు వాహనాలపై నిషేధం అమలులో ఉన్నది. అక్కడ గుర్రపు బండ్లు, సైకిళ్ళు, కాలినడక. గ్రీసు దేశంలో హైడ్రా దీవి కూడా అట్టిదే, సామాను కంచరగాడిదల మీద పోతుంది. మన మహారాష్ట్రలో ముంబయికి దగ్గరి మాథేరాన్ కొండ మీద సందర్శకుల కార్లు ఊరి వెలుపలే ఆగవలెను. నాగార్జునకొండకు నీరే కాపలా. మిగిలిన చోట్ల మనుష్యులే కాపలా ఉన్నారు. నీరు చేయగలిగినది కొంతమేరకు మనిషీ చేయగలడని నాకు ధైర్యం కలిగినది.

ఇంటిముందు ఒక గంట దీవి

తిరిగి వచ్చిన వారానికి మా కాలనీ పెద్దలతో మాట్లాడినాను. లోపలి వీధికి ఒక ఇనుప గేటు ఉన్నది, ఎప్పుడూ బార్లా తెరచి ఉండేది. ఉదయం 5.30 నుండి 6.30 వరకు దానిని మూసి ఉంచటానికి అంగీకరించినారు. అత్యవసరమైతే తెరుస్తారు. పాలవాడు గేటు వద్ద బండి ఆపి నడిచి వస్తున్నాడు. ఒకరిద్దరు సణిగినారు, ఇప్పుడు వారే ముందుగా నడకకు వస్తున్నారు. నేనూ తిరిగి నడక ప్రారంభించాను.

కాలు విరిగిన ఆ తల్లిని అక్కడికి పిలిచాను. భర్త ఆటోలో తీసుకువచ్చి గేటు వద్ద దింపుతాడు. మొదటి దినం ఆమె గేటు కమ్మీ పట్టుకుని నిలబడినది, నడవలేదు. మూడవ దినం చేతికర్రతో నాలుగు ఇళ్ళ దూరం నడిచినది. ఇప్పుడు వీధి ఆ చివరిదాకా పోయి వస్తున్నది. రహదారి దాటటానికి మాత్రం ఇంకా భయపడుతున్నది. ఆ భయానికి నా వద్ద మందు లేదు. అది ఆమె రోగం కాదు, మన రోడ్ల రోగం.

పాఠకులు కూడా తమ తమ ఇళ్ళ దగ్గర ఇట్టి చోటును వెదకుకొనవలెను. బడి మైదానం, గుడి ప్రాకారం, చెరువు గట్టు, అపార్ట్‌మెంటు డాబా, కాలనీ పార్కు, ఏదో ఒకటి దొరుకుతుంది. ఏదీ లేకపోతే ఇంటి వసారాలోనే భోజనం తరువాత నూరడుగులు మెల్లగా నడవవచ్చును. రోడ్డు మీదనే నడవక తప్పనివారు తెల్లని దుస్తులు ధరించి, వాహనాలకు ఎదురుగా, కుడి అంచున నడవవలెను. చెవులలో పాటల యంత్రం పెట్టుకొనరాదు.

నాగార్జునకొండకు పోయేవారికి సూచనలు

1. కార్తీకం నుండి మాఘం వరకు అనుకూలమైన కాలం. వేసవి ఎండలో వృద్ధులను, చిన్నపిల్లలను తీసుకుపోరాదు.

2. నీటిమట్టాన్ని, వాతావరణాన్ని బట్టి లాంచీలు నిలిపివేస్తూ ఉంటారు. ముందుగా విచారించి బయలుదేరండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.

3. మెత్తని అడుగు గల పాదరక్షలు, గొడుగు, నీరు తీసుకుపోండి. మధుమేహం ఉన్నవారు క్రొత్త చెప్పులతో పోరాదు. తిరిగి వచ్చి అరికాళ్ళు పరీక్షించుకోండి.

4. దాహానికి ధనియాల హిమం మంచిది. నలగగొట్టిన ధనియాలు ఒక చెంచా, గ్లాసు నీటిలో రాత్రంతా నాననిచ్చి, ఉదయం వడగట్టి కొద్దిగా కండచక్కెర కలిపి సీసాలో పోసుకోండి. మధుమేహం ఉన్నవారికి చక్కెర వద్దు. అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ కూడా అలసట తీరుస్తుంది.

5. లాంచీ ఎక్కే ముందే మలమూత్ర విసర్జన ముగించుకోండి. వేగాలను ఆపుకోవటం అనేక రోగాలకు మూలం.

6. తిరిగి వచ్చిన రాత్రి గోరువెచ్చని నువ్వుల నూనెతో పాదాలను, పిక్కలను పది నిమిషాలు మర్దించి, వేడినీటితో కడుగుకోండి. సుఖనిద్ర పడుతుంది. పుండ్లు ఉన్న పాదాలకు ఇది చేయరాదు.

7. నడిచేటప్పుడు గుండెలో బరువు, ఎడమ భుజానికి ప్రాకే నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే గృహవైద్యం చేయక వెంటనే ఆసుపత్రికి చేరుకోండి. గుండె జబ్బు ఉన్నవారు తమ వైద్యుని అడిగి బయలుదేరవలెను.

ఇప్పుడు నా చీటీలో ఆ వాక్యం మారినది. "ప్రతిదినం అరగంట నడవవలెను" అని వ్రాసిన తరువాత, ప్రక్కనే "ఎక్కడ?" అని వ్రాసి రోగిని అడుగుతున్నాను. సమాధానం దొరికే వరకు ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాము. ఒక్కొక్కసారి నాడి చూచినదానికన్న ఈ మాటలకే ఎక్కువ సమయం పడుతున్నది. మా మనుమడు ఊరికి పోయే ముందుదినం ఉదయం, గేటు మూసిన మా వీధిలో, వాని నాయనమ్మ ఒకసారి అటూ ఇటూ చూచి వాని చేయి విడిచినది.